ఆగని ప్రోగ్రామును ఆపిన నవీన

కరీంనగర్ బైపాస్ రోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఆ కాలేజీ క్యాంటీన్ మీది అంతస్తులో అంతరిక్షం ఉంది. నమ్మనివాళ్లు మెట్లెక్కి చూడవచ్చు. ఎడమవైపు గదిలో బాయిలరు లాంటి పెద్ద ఇనుప పీపా, దాని లోపలి గాలినంతా తోడేసే పంపులు. కుడివైపు చల్లటి గదిలో కంప్యూటర్లు. రెంటికీ మధ్య గోడ మీద 'విద్యుత్ చోదక పరిశోధన కేంద్రం' అని బంగారు రంగు అక్షరాలు. కింద మిరపకాయ బజ్జీలు వేసినప్పుడల్లా ఆ ఘాటు అంతరిక్షం దాకా ఎక్కి వచ్చేది. శూన్యంలోకి వాసన రాదని శాస్త్రం. ఆ శాస్త్రం రాసినవాళ్లు ఈ క్యాంటీన్‌లో బజ్జీలు తిని ఉండరు.

చల్లటి గది డాక్టర్ నవీనది. ఊరు సిరిసిల్ల, వయసు ముప్పై ఎనిమిది. ఆమె పనంతా ఒక చిన్న ఇంజను చుట్టూ తిరుగుతుంది. అంతరిక్షం, ఇంజను అనగానే మనకు పొగ, మంట, టీవీలో అరుపులు గుర్తొస్తాయి. ఇది ఆ జాతి కాదు. చూడటానికి పింగాణీ గిన్నెలా ఉంటుంది, లోపల గుండ్రటి గాడి, చుట్టూ అయస్కాంతాలు. ఆ గాడిలోకి ఒక వాయువును సన్నగా వదిలి, కరెంటు పెట్టి, పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడబెరికితే అది నీలంగా వెలుగుతుంది. అలా వెలిగే వాయువునే ప్లాస్మా అంటారు. దాన్ని వెనక్కి చిమ్మితే ఉపగ్రహం ముందుకు కదులుతుంది. ఎంత బలంతో అంటారా? అరచేతిలో ఒక తమలపాకు వాలినంత బలంతో. ఇంత మాత్రానికి ఇంత హంగామానా అని ముక్కున వేలేసుకోనక్కరలేదు. పైన గాలి లేదు, అడ్డు లేదు. తమలపాకంత తోపయినా సరే, ఏళ్ల తరబడి ఆగకుండా తోస్తే ఉపగ్రహం ఎక్కడికైనా పోతుంది.

చిక్కల్లా ఒకటే. ఆ ప్లాస్మా ఉపగ్రహాన్ని తోయడంతో ఊరుకోదు, గిన్నె అంచును కూడా కొంచెం కొంచెం కొరుక్కు తింటుంది. అంచు తినేసిన రోజున ఇంజను చస్తుంది. ఎన్నాళ్లకు చస్తుందో తెలుసుకోవడానికి ఏళ్లపాటు మండించి కూర్చునే తీరిక ఎవరికీ లేదు కనుక కంప్యూటరులో లెక్క కట్టి చెబుతారు. గిన్నె లోపలి చోటునంతా చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కొక్క గడిలో ప్లాస్మా ఏం చేస్తుందో క్షణక్షణానికీ లెక్కిస్తారు. అలాంటి ప్రోగ్రాములు దేశంలో చాలామంది రాశారు. అవి నడుస్తూ నడుస్తూ, ఏదో ఒక గడిలో సంఖ్య ఒక్కసారి ఆకాశానికి ఎగరగానే, 'ఇది సంఖ్య కాదు' అని తెర మీద చూపించి చతికిలబడేవి. నవీన రాసింది మాత్రం ఎన్నడూ చతికిలబడలేదు. బెంగళూరు నుంచి అహ్మదాబాద్ దాకా దానికి ఒకటే పేరు: ఆగని ప్రోగ్రాము.

అదెందుకు ఆగదో తెలియాలంటే సిరిసిల్లలో బాలమల్లు ఇంటికి పోవాలి.

బాలమల్లు నవీన తండ్రి. ఇంటి ముందు రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు. మరమగ్గాన్ని ఆ ఊళ్లో సాంచా అంటారు. నాలుగూ ఒక్కసారి ఆడటం మొదలుపెడితే ఆ ఇంట్లో ఇక మాటలుండవు, సైగలే. అన్నం ఉడికిందంటే ఒక సైగ. చుట్టాలొచ్చారంటే ఒక సైగ. ఆ చుట్టాలు ఎప్పుడు పోతారో కనుక్కోవడానికి ఇంకొక సైగ, అది కొంచెం చాటుగా. ఆ చప్పుడుకు గోడ మీది బల్లి కూడా నోరు తెరవడం మానుకుని తోకతోనే శకునం చెప్పేదని వాడకట్టులో ఇప్పటికీ చెప్పుకుంటారు. తల్లి సరోజన నూలు కండెలు చుడుతూ కూతురితో ఎక్కాలన్నీ వేళ్ల మీదనే ఒప్పజెప్పించుకునేది. కాన్వెంటులో చేర్చిన కొత్తలో సిస్టరమ్మ పన్నెండో ఎక్కం చెప్పమంటే నవీన లేచి నిలబడి, నోరు మెదపకుండా గబగబా వేళ్లు ఆడించింది. తనను వెక్కిరిస్తోందనుకుని సిస్టరమ్మ బెంచీ ఎక్కించింది. ఎక్కం మాత్రం తప్పు పోలేదు.

ఆ షెడ్డులో ఒకటే శాసనం: సాంచా ఆగొద్దు. నడుస్తుండగా ఒక పోగు తెగిందనుకోండి. పద్ధతి ప్రకారం సాంచా ఆపాలి, తెగిన కొస వెతకాలి, దాని చోటులోంచి దాన్నే లాగి ముడి వేయాలి, తర్వాత మళ్లీ నడపాలి. బాలమల్లుకు పద్ధతులంటే గౌరవమే కాని తీరిక లేదు. ఆడుతున్న సాంచాలోనే వేలు దూర్చి, తెగిన పోగును పక్క పోగుతో కలిపి ముడేసి, చేయి వెనక్కి తీసేవాడు. సాంచాకు కూడా తెలిసేది కాదు.

"సాంచా ఆపి ముడేసుడు ఎవడన్న ఏస్తడు బిడ్డా," అని గంట కొట్టినట్టు అరిచి చెప్పేవాడు. చప్పుడులో బతికిన మనిషి కనుక ఆయనకు మెల్లగా మాట్లాడటం రాదు, పడక మీద కూడా. "నడుస్తుండంగ ఏసుడు గీ బాలమల్లు ఒక్కనికే వస్తది!"

"ఎవలకు రాకనే మిగిలినోళ్లకు పది వేళ్లున్నయి," అనేది సరోజన. బాలమల్లుకు ఎడమచేతి చిటికెనవేలు సగమే ఉంటుంది.

నవీన ఆ పదిలోపు వేళ్ల విద్యను చూస్తూనే పెరిగింది. కరీంనగర్‌లో ఇంటరు, వరంగల్‌లో ఇంజనీరింగు, అక్కడి నుంచి బెంగళూరులో ప్లాస్మా మీద డాక్టరేటు. డాక్టరేటు అంటే అక్కడ ప్రోగ్రాము రాయడం, అది ఆగడం, మళ్లీ రాయడం. ఆమెతో గదిలో ఉన్న అమ్మాయికి పెళ్లయింది, బాబు పుట్టాడు, ఆ బాబు నడవడం నేర్చుకున్నాడు. నవీన ప్రోగ్రాము మాత్రం నాలుగడుగులు వేసి పడుతూనే ఉంది. గైడు ఎదురైనప్పుడల్లా "ఇవాళైనా నడిచిందా?" అని, కాళ్లు పడిపోయిన చుట్టాన్ని పరామర్శించినట్టు అడిగేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం విసిగి వేసారి కూర్చున్న నవీన వేళ్లు వాటంతట అవే కదిలాయి. గట్టిగా లెక్కిస్తే పదిహేను వరుసలు. ఏ గడిలోనైనా సంఖ్య తెగితే, చుట్టుపక్కల గళ్ల సంఖ్యలు తీసుకుని సగటు కట్టి, తెగినచోట పెట్టి, ముందుకు సాగిపొమ్మని. అంటే ముడి. ఈ రంగంలో అప్పుడప్పుడు అందరూ చేసే పనే అది. కాకపోతే మిగతావాళ్లు ఎక్కడ ముడి పడిందో చూసుకుంటారు, ఎందుకు పడిందో ఆరా తీస్తారు. నవీన బాలమల్లు బిడ్డ. ముడి వేశాక వెనక్కి చూడటం ఆ ఇంట్లో లేదు.

ప్రోగ్రాము నడిచింది. నడిచిందంటే మామూలు నడక కాదు. ఇన్‌స్టిట్యూట్‌లో కరెంటు పోయినా అదొక్కటే నడిచిందని ఆ తర్వాత చేరిన విద్యార్థులు చెప్పుకునేవారు. గైడు మిఠాయి పంచాడు. డాక్టరేటు వచ్చింది, ఒక అవార్డు వచ్చింది. అందరి పరిశోధనలకూ ఆమె ప్రోగ్రామే కావలసి వచ్చింది. అందరి వ్యాసాల్లోనూ ఆమె పేరు వచ్చింది, తోకలో. పెళ్లి ఫోటోలో వెనక వరుసలో నిలబడి తల ఒక్కటే పైకి చాపే చుట్టంలా పదేళ్లు గడిచాక, కరీంనగర్ నుంచి డాక్టర్ ఓంప్రకాశ్ ఫోను చేశాడు.

ఓంప్రకాశ్ ఈ కేంద్రానికి డైరెక్టరు. ప్లాస్మా గురించి ఆయనకు తెలిసింది తక్కువే కాని, దాని గురించి మాట్లాడమంటే మైకు వేడెక్కేదాకా మాట్లాడగలడు. ఈ కేంద్రం ఇంజను ఒక చిన్న ఉపగ్రహానికి బిగించి పంపిస్తారనీ, అది ఖానాపూర్ నుంచి ఆసిఫాబాద్ దాకా అడవిలో చెట్టుచెట్టునూ లెక్కబెడుతుందనీ పత్రికలకు చెప్పాడు. పులులు ఫోటోకు నవ్వుతాయని మాత్రం చెప్పలేదు. నవీనను రెండేళ్ల కాంట్రాక్టు మీద తీసుకున్నాడు. ఇంజను సమీక్షలో నెగ్గితే ఆమె విభాగాధిపతి. ఓడితే ఇంటికి.

ఆమె లెక్క ప్రకారం ఇంజను ఆయుష్షు ఐదేళ్లు. అది విని ఓంప్రకాశ్ ఆమె కంటే ముందే సంతోషించాడు. అక్కడిదాకా బాగానే ఉంది.

ఇనుప పీపా గది అరుణ్‌కుమార్‌ది. శ్రీరాంపూర్ కుర్రాడు, బొగ్గు గనుల క్వార్టర్లలో పుట్టి పెరిగాడు. ఇంజనును పీపాలో పెట్టి వారాల తరబడి మండించి చూడటం అతని పని. ఒకరోజు పొద్దున తువ్వాలులో ఏదో చుట్టుకుని నవీన బల్ల దగ్గరికి వచ్చాడు.

"అక్కా, జర ఇది సూడు."

"ఏందది, టిఫినా?"

"టిఫినే. కాకపోతే తిన్నది మనం కాదు." తువ్వాలు విప్పాడు. ఇంజను గిన్నె. ప్లాస్మా బయటికి చిమ్మే వాకిలి దగ్గర బయటి అంచు చుట్టూ ఎలుక కొరికినట్టుగా అరిగిపోయి ఉంది. "నీ లెక్కల ఐదేండ్లు. నా పీపల ఐదు నెలలు గుడ బతకదిది."

నవీన గిన్నెను తిప్పి చూసింది. ఆమె ప్రోగ్రాములో ఆ అంచు పెళ్లినాటి కంచంలా నున్నగా ఉంటుంది. ఇద్దరూ ఓంప్రకాశ్ దగ్గరికి పోయారు. ఆయన చాయ్ తాగుతూ గిన్నెను దూరం నుంచే పరీక్షించాడు.

"మేడం, మీ ప్రోగ్రాం ఎన్నడన్న ఆగిందా?"

"ఆగలేదు సార్."

"గిన్నె అరిగిందా?"

"అరిగింది సార్."

"ఇగ తప్పు ఎవలది? గిన్నెది! నాసిరకం మాల్ పంపిండ్రు. కొత్తది తెప్పిద్దాం. నువ్వు ఫికర్ చెయ్యకు అరుణ్."

అరుణ్‌కుమార్ నవీన వైపు చూశాడు. నిజం చెప్పాలంటే ఆమెకు ఆ తీర్పు నచ్చింది. పదేళ్లుగా ఆగని ప్రోగ్రాము మీదా, నిన్నగాక మొన్న వచ్చిన పింగాణీ ముక్క మీదా నమ్మకం పంచుకోవలసి వస్తే ఎవరైనా ఎటు మొగ్గుతారు?

ఆ ఆదివారం ఆమె సిరిసిల్ల పోయింది. వాడకట్టులో అడుగుపెట్టగానే చెవులు రిక్కించింది. ఇంటి నుంచి చప్పుడు లేదు. ఆ ఇంట్లో సాంచాలు ఆగాయంటే ఎవరో పోయి ఉండాలి. పరుగున వెళ్లి చూస్తే అందరూ బతికే ఉన్నారు, పోట్లాడుకుంటున్నారు.

షెడ్డు మధ్య నేల మీద ఒక తాను పరిచి ఉంది. బడిపిల్లల యూనిఫారానికి నేసిన బట్ట, నీలం రంగు అద్దకం అయ్యాక వాపసు వచ్చింది. తాను పొడుగునా ఒక పక్కగా సన్నటి చార, వీపు మీద చింతబరికె వాతలా.

"నా బతుకుల ఒక్క తాను వాపస్ రాలే! రంగేసినోడు సక్కగ ఏయలే!" అని బాలమల్లు వీధి చివరికి వినిపించేలా వాదిస్తున్నాడు.

"రంగేసినోడు సక్కగనే ఏసిండు. రంగేసినంకనే నీ ముడులు కనవడ్డయి," అంది సరోజన. "తెల్లగున్నన్ని దినాలు నువ్వు సిపాయివే."

నవీన చెప్పులు విడవకుండానే వంగి ఆ చార మీద చేయి పెట్టి నిమురుతూ పోయింది. వేలికి ముడి తగిలింది. కొంచెం దూరం పోతే ఇంకొకటి. ఆ తర్వాత ఇంకొకటి. అన్నీ ఒకే వరుసలో.

"బాపూ, గీ ముడులన్ని ఒక్క దిక్కే ఎందుకున్నయి?"

"గా దిక్కే తెగుతది కాబట్టి!"

"గా దిక్కే ఎందుకు తెగుతది?"

"నాకేమెరుక? ముడేస్తే నడుస్తుండె గద!"

"ఆపి సూస్తే ఎరుకైతుండె," అంది సరోజన.

నవీన ఆగి ఉన్న సాంచా దగ్గరికి వెళ్లి తల దూర్చింది. పోగులను వరుసగా పట్టి ఉంచే సన్నటి ఇనుప పుల్లలున్నాయి. చార పడ్డ వైపున ఒక పుల్ల వంగి, దాని మొన పోగును కోస్తోంది. బాలమల్లు ఎన్ని ముడులు వేస్తే అన్నిసార్లు కోసింది. పాపం, అదీ ఆగలేదు.

నవీన లేచి నిలబడింది. కాసేపు ఆ పుల్ల వైపు చూసింది. తర్వాత వచ్చిన దారినే బయలుదేరింది.

"కోడిగుడ్లు పులుసు వెడుతున్న, తిని పో బిడ్డా!" అని తల్లి కేకేసింది.

"మల్లొస్తనే అవ్వా, నా తాను గుడ వాపసొచ్చింది," అంది కూతురు. వాళ్లకు అర్థం కాలేదు. ఆ ఇంట్లో నోటితో చెబితే అంతే.

సాయంత్రం బజ్జీల వేళకు ఆమె కరీంనగర్ చేరి చల్లటి గదిలో కూర్చుంది. ప్రోగ్రాములో ఒక్క వరుస చేర్చింది: ముడి పడినచోటల్లా ఎర్ర చుక్క పెట్టమని. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగని ప్రశ్న అది. తెర మీద గిన్నె బొమ్మ కనిపించింది. మొదట ఒక చుక్క, తర్వాత రెండు, ఆ తర్వాత బెల్లం ముక్క చుట్టూ చీమలు మూగినట్టు గిన్నె వాకిలి బయటి అంచంతా ఎర్రబడిపోయింది. మిగతా గిన్నెలో వెతికినా చుక్క లేదు. అక్కడ ప్లాస్మా ఉండుండి ఒక్కసారి విరుచుకుపడుతోంది, అంచును కొరుకుతోంది. అలా విరుచుకుపడిన ప్రతిసారీ ఆమె ప్రోగ్రాము దాన్ని పక్క గళ్లతో కలిపి సగటు కట్టి, ఏమీ జరగనట్టు దాటిపోతోంది. ముడి తీసేసి నడిపింది. అంచు దగ్గరికి రాగానే 'ఇది సంఖ్య కాదు' అని ఆగింది. మళ్లీ నడిపింది. అక్కడే ఆగింది.

ఆగని ప్రోగ్రాము రాసిన మనిషిగా పదేళ్లు బతికింది నవీన. అది కాకపోతే తానెవరో ఆమెకు వెంటనే గుర్తుకు రాలేదు.

మరునాడు ఆమె చెప్పేది ఓంప్రకాశ్ చివరిదాకా విన్నాడు. మధ్యలో రెండుసార్లు ఫోను చూసుకున్నాడు.

"మేడం, ఫ్లెక్సీలు ఎప్పుడు కట్టిచ్చినమో ఎరుకేనా? నిన్న. గేటు కాడ ఒకటి, బస్టాండు కాడ ఒకటి."

నిజమే. వచ్చేటప్పుడు ఆమె చూసింది. పెద్ద అక్షరాలతో 'ఆగని ప్రోగ్రాము, ఆగని తెలంగాణ బిడ్డ' అని, పక్కన ఆమె ఫోటో, దాని పక్కన వేరే ఏ దేశానిదో ఒక రాకెట్టు. సమీక్ష వచ్చే వారం. సమీక్ష అయిన వెంటనే అదే హాలులో సన్మానం. ఫలితం కంటే ముందు శాలువా కొనడం మన దగ్గర ఆనవాయితీ. శాలువా వచ్చింది, జ్ఞాపిక వచ్చింది, ఆమె తల్లిదండ్రులకు కబురు కూడా వెళ్లింది.

"సార్, ఫ్లెక్సీకీ ప్లాస్మాకూ ఏం సంబంధం?"

"ఆగని ప్రోగ్రాం అని రాసినంక ఆగుతది అంటే ఎట్ల మేడం? జర సోచాయించుండ్రి. పాతదే నడిపియ్యుండ్రి. కమిటీ చైర్మన్ కైలాసం సారు నాకు ఎరుకే. టిఫిన్ చేసి వస్తడు, ఏసీల కూసుంటడు, కునుకు తీస్తడు. లేసేటాలకు మీ గ్రాఫులు రెడీ. చప్పట్లు కొట్టి సంతకం పెడ్తడు. ఇంజను మీదికి పోతది, మీరు హెడ్ అయితరు."

"మీదికి పోయినంక ఐదు నెలలకు చస్తది సార్. ఉపగ్రహం మొత్తం దండుగైతది."

"చస్తే చావనియ్యిండ్రి. పోస్టుమార్టం చెయ్యనీకి మీదికి ఎవడు పోతడు?" అన్నాడు ఓంప్రకాశ్. తర్వాత, శ్రేయోభిలాషిలా గొంతు తగ్గించి, "మేడం, ముడులుంటే మీరు హెడ్డు. ముడులు తీస్తే మీ కాంట్రాక్టు గీ నెలతోని ఖతం. ఇగ మీ ఇష్టం."

ఆమె అరుణ్‌కుమార్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. ఏదో సలహా ఇస్తాడనుకుంది. అతను పీపా మరలు బిగిస్తూ, "గిన్నె తేవాల్నా, వద్దా? అదొక్కటి చెప్పక్కా," అన్నాడు.

"తెలవదు," అంది నవీన. "దగ్గర పెట్టుకో."

సమీక్ష రోజున హాలు నిండిపోయింది. కొసరుగా రెండు సెక్షన్ల విద్యార్థులను కూడా తోలుకొచ్చి కూర్చోబెట్టారు, చప్పట్లకు. మొదటి వరుసలో కమిటీ. కైలాసం గారు పెద్ద సంస్థలో చేసి రిటైరైన శాస్త్రవేత్త. ఓంప్రకాశ్ చెప్పినట్టే టిఫిన్ చేసి వచ్చాడు, చెప్పినట్టే కూర్చున్నాడు, చెప్పిన దానికంటే ముందే నిద్రపోయాడు. ఆయన పక్కన ఇస్త్రీ చొక్కాలో బాలమల్లు, పట్టుచీరలో సరోజన. హాలు వెనకాలే ఉన్న చల్లటి గదిలో కంప్యూటర్లు గుయ్యిమని మోగుతున్నాయి. ఇల్లు గుర్తొచ్చి కాబోలు, బాలమల్లుకు కూడా హాయిగా కళ్లు మూతపడ్డాయి. వేదిక మూల బల్ల మీద ప్లాస్టిక్ కవరులో శాలువా.

నవీన వేదిక మీదికి వచ్చింది. కంప్యూటరులో రెండు ప్రోగ్రాములూ పక్కపక్కనే ఉన్నాయి. పాతది నొక్కితే ఎవరికీ ఏమీ తెలియదు. తెల్లగున్నన్ని దినాలు సిపాయే. ఆమె వేలు పాతదాని దాకా వెళ్లింది. వెళ్లలేదని చెబితే అబద్ధం. అక్కడ కాసేపు నిలబడింది కూడా. అప్పుడు మొదటి వరుసలో తండ్రి ఒడిలో పెట్టుకున్న ఎడమచేయి, దాని సగం చిటికెనవేలు ఆమె కంట పడ్డాయి.

కొత్తది నొక్కింది.

ప్రోగ్రాము నడిచింది. గిన్నె బొమ్మ నీలంగా వెలిగింది. ఓంప్రకాశ్ ముఖం అంతకంటే ఎక్కువ వెలిగింది. విద్యార్థులు చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకున్నారు. అంతలో అంచు దగ్గర ఒక చుక్క ఎర్రబడింది. తెరంతా తెల్లబోయి 'ఇది సంఖ్య కాదు' అని నిలబడింది. వెనక గదిలో కంప్యూటర్ల హోరు తగ్గి, సన్నబడి, ఆగిపోయింది.

చప్పుడులో నిద్రపోయే అలవాటున్న మనిషిని లేపాలంటే చప్పుడు ఆపాలి. కైలాసం గారూ బాలమల్లూ ఒక్కసారే ఉలిక్కిపడి లేచారు.

"పవర్ ప్రాబ్లం సార్! చిన్న పవర్ ప్రాబ్లం!" అన్నాడు ఓంప్రకాశ్. లైట్లు వెలుగుతున్నాయి, ఏసీ చల్లగా వీస్తోంది, ఆయన చేతిలోని మైకు కూడా పనిచేస్తోంది.

"బిడ్డా! ఏమాయె? ఎందుకాగింది?" బాలమల్లు గొంతుకు మైకు అక్కరలేదు.

"పవర్ మంచిగనే ఉన్నది," అంది నవీన. "ఆగితే ఆగనియ్యాలని నేనే ముడులు తీసేసిన."

"గదేంది? తెగితే ముడేయరాదూ?"

"ఏయ బాపూ. ఎక్కడ తెగుతుందో సూడాలె."

హాలంతా చూస్తోంది. బాలమల్లు ఇంకేదో అరవబోయాడు. సరోజన చొక్కా పట్టి కిందికి గుంజింది. "కూసో. అది ఆమె సాంచా. ఆమె ఆపుకుంటది, నడుపుకుంటది, నీకేంది?"

కైలాసం గారు కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. "అమ్మా, ఇన్నేండ్లు ఇది ఆగకుండ ఎట్ల నడిచింది?"

నవీన చెప్పింది. పదిహేను వరుసలూ తెర మీద పెట్టి, ఎర్ర చుక్కల బొమ్మ పక్కన చూపించి, మొదటినుంచి చెప్పింది. బెంగళూరులో వచ్చిన అవార్డు కూడా ఆ ముడులదేనని చెప్పింది. సన్మానసభలో ఇలాంటి ప్రసంగం కరీంనగర్ అంతకుముందు విని ఉండదు. ఆమె ముగించేలోపే అరుణ్‌కుమార్ వచ్చి తువ్వాలు విప్పి గిన్నెను కైలాసం గారి ముందు పెట్టాడు. ఆయన దాని అంచు మీద వేలు తిప్పాడు. తెర మీది ఎర్ర అంచును చూశాడు. మళ్లీ వేలు తిప్పాడు.

"నేను కొన్ని వందల సమీక్షలకు పోయిన," అన్నాడు తీరిగ్గా. "ఆగిన ప్రోగ్రాం చూసుడు ఇదే మొదలు. మిగిలినవన్ని నేను నిద్రపోయేదాక నడిచినయి." గిన్నెను తువ్వాలులో చుట్టి అరుణ్‌కుమార్‌కు ఇచ్చాడు. "ఈ ఇంజను పోదు. అంచు సంగతి ఈమె తేల్చేదాక ఈడినుంచి ఏ ఇంజనూ పోదు."

చప్పట్లు కొట్టాలో వద్దో విద్యార్థులకు తెలియలేదు. ఎవరో ఒకడు అలవాటు కొద్దీ కొట్టి, పక్కవాడు మోచేత్తో పొడిస్తే ఆపేశాడు.

కొన్న శాలువాను కప్పకుండా ఉంచడం అశుభం కనుక ఓంప్రకాశ్ దాన్ని కైలాసం గారికి కప్పాడు. ఇంట్లో శాలువాలతో బీరువా తలుపులు మూతపడటం లేదని ఆయన దాన్ని తీసి సరోజన చేతిలో పెట్టాడు. సరోజన అక్కడికక్కడే విప్పి, వెలుతురుకు పట్టి, అంచు పొడుగునా వేలితో నిమిరి, "గిండ్ల గుడ ముడులే ఉన్నయి," అని మడిచి సంచిలో వేసుకుంది.

ఉపగ్రహం మరెవరిదో ఇంజనుతో ఎగిరిపోయింది. నవీన విభాగాధిపతి కాలేదు. కాని ఆమె తేల్చేదాకా ఏదీ పోదని కమిటీ రాసిపోయింది కనుక, ఆమెను ఇంటికి పంపడం కూడా ఓంప్రకాశ్ తరం కాలేదు. మంచి మనసుతో కాంట్రాక్టును ఒక్క ఏడాది పొడిగించాడు. తన ప్రోగ్రాము వాడుతున్న సంస్థలన్నిటికీ ఆమె ఫోను చేసి ముడుల సంగతి చెప్పింది. చాలామంది "ఇన్నాళ్లూ బాగానే నడిచింది కదా మేడం, ఇప్పుడెందుకు?" అని నొచ్చుకున్నారు. గైడు మాత్రం అంతా విని, "మిఠాయి డబ్బులు తిరిగి ఇస్తావా?" అని అడిగాడు.

ఇప్పుడామె ప్రోగ్రాము రోజూ ఆగుతుంది. ఆగినప్పుడల్లా ఆమె, అరుణ్‌కుమార్ కలిసి ఆ చోటును ఇంకా చిన్న గళ్లుగా కోసి చూస్తారు. అలా చూసీ చూసీ, వాకిలి దగ్గర అయస్కాంతాన్ని కొంచెం వెనక్కి జరిపితే ప్లాస్మా అంచు మీద విరుచుకుపడటం తగ్గుతుందని తేల్చారు. పీపాలో కొత్త గిన్నె వెలుగుతోంది. ఇది మూడేళ్లు బతుకుతుందని ఆమె లెక్క. ఐదేళ్లు అనమని ఓంప్రకాశ్ బతిమాలుతున్నాడు. ఫ్లెక్సీలో అంకె పెద్దగా కనిపించాలట.

సిరిసిల్లలో ఈ వార్తకు కాళ్లు మొలవడానికి ఎంతోసేపు పట్టలేదు. హోటలు ముందు బెంచీ మీద ఎప్పుడూ ఎకసెక్కాలాడే రాజం, బాలమల్లు వినాలనే గట్టిగా అడిగాడు.

"ఏం మల్లన్నా, మీ బిడ్డ ప్రోగ్రాం కరీంనగర్ల అందరి ముంగట ఆగిందట గద?"

బాలమల్లు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఆగలే. ఆపింది," అన్నాడు, బస్టాండు దాకా వినిపించేలా. "నీకేమెరుకరా రాజం? అందరియి నడుస్తయి. ఆపేటందుకు మా బిడ్డ పదేండ్లు సదువుకున్నది!"

ఆ ఊపులోనే ఇంటికి వచ్చి సాంచాలు మొదలుపెట్టాడు. మూడో సాంచాలో పోగు తెగింది. అలవాటైన వేళ్లు ముందుకు వెళ్లాయి, పక్క పోగును పట్టుకున్నాయి కూడా. ఎదురుగా కండెలు చుడుతున్న సరోజన తలెత్తలేదు. ఎత్తకుండానే ఒక సైగ చేసింది. బాలమల్లు గొణుగుతూ చేయి వెనక్కి తీసుకుని, సాంచా ఆపాడు. తర్వాత ఎందుకైనా మంచిదని నాలుగూ ఆపి, వంగి, పుల్లలన్నీ ఒక్కొక్కటిగా చూడసాగాడు.

ఆ నిశ్శబ్దంలో గోడ మీది బల్లి ఇటూ అటూ చూసి, ఇన్నేళ్ల తర్వాత నోరు తెరిచి పలికిందట.